పేరు తెలియని బ్యాండ్ కోసం వానలో నిలబడితే ఏమొస్తుంది?

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో పాటల యాప్ ఓపెన్ చేసి, ఈ నెలలో మీరు విన్న తెలుగు పాటలు ఒకసారి చూడండి. అందులో సినిమాలో లేని పాటలు ఎన్ని ఉన్నాయి? చాలామందికి సున్నా వస్తుంది. కొందరికి రెండు మూడు జానపదాలు వస్తాయి, అవి కూడా రీల్స్‌లో పదిసార్లు ఎదురుపడ్డాక విన్నవే. ఆ నంబర్ గుర్తుపెట్టుకోండి. చివర్లో దానితో పని ఉంది.

ఈరోజు టాపిక్, విదేశాల్లో ఉన్నప్పుడు ఆరుబయట జరిగే ఇండీ మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లడం. "అంటే గ్లాస్టన్‌బరీనా అన్నా?" అని కామెంట్ పెట్టబోతున్నారు కదా. కాదు. గ్లాస్టన్‌బరీ పెద్దది, రెండు లక్షల మంది దాకా వచ్చే ఊరంత ఫెస్టివల్. టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. నేను చెప్పబోయేది దానికంటే చాలా చిన్నది. పేరు గ్రీన్ మ్యాన్. యూకేలో వేల్స్ అనే భాగంలో, కొండల మధ్య, ప్రతి ఆగస్టులో జరుగుతుంది. దాదాపు 25 వేల మంది వస్తారు. కార్డిఫ్‌లో మాస్టర్స్ చేసే రోజుల్లో నేను వెళ్లింది దీనికే.

ముందు "ఇండీ" అనే మాట సంగతి చూద్దాం. చాలామంది ఇండీ అంటే గిటార్, గడ్డం, నెమ్మదైన విషాదం అనుకుంటారు. అసలు అది సంగీతం రకం పేరే కాదు. ఇండిపెండెంట్ అనే మాటకి ముద్దుపేరు. పాటకి డబ్బులు ఎవరు పెట్టారు అన్నదే పాయింట్. 1977లో మాంచెస్టర్‌కి చెందిన బజ్‌కాక్స్ అనే బ్యాండ్, ఏ పెద్ద కంపెనీ కోసం ఎదురుచూడకుండా, అక్కడా ఇక్కడా అప్పు చేసి "స్పైరల్ స్క్రాచ్" అనే నాలుగు పాటల రికార్డు సొంతంగా వేసుకుంది. మొదట వేయించింది వెయ్యి కాపీలు. అమ్ముడుపోయినవి వేలల్లో. అది చూసి, "అరే, మనమూ చేసుకోవచ్చు కదా" అని ఊరూరా కుర్రాళ్లు మొదలుపెట్టారు. 1980 నాటికి బ్రిటన్‌లో ఇండిపెండెంట్ రికార్డులకి విడిగా ఒక చార్ట్ కూడా వచ్చేసింది. అంటే ఇండీ అనేది ఒక ఏర్పాటు. పాడేవాడికీ వినేవాడికీ మధ్య పెద్ద కంపెనీ లేకుండా నడిచే ఏర్పాటు.

గ్రీన్ మ్యాన్ కూడా అలాగే పుట్టింది. 2003లో, క్రైగ్-ఎ-నోస్ అనే పాత కోటలో, కొన్ని వందల మందితో. మొదలుపెట్టింది ఇద్దరు సంగీతకారులు, జో బార్ట్‌లెట్, డానీ హేగన్. తర్వాత పెరిగి పెరిగి, 2006 నుంచి క్రిక్‌హవెల్ అనే చిన్న ఊరి పక్కన గ్లనస్క్ పార్క్ అనే ఎస్టేట్‌లో జరుగుతోంది. పక్కనే అస్క్ నది, చుట్టూ పచ్చటి కొండలు. మన అరకు వైపు ఆగస్టులో వెళ్తే మబ్బులు కొండ మీదికి ఎలా దిగుతాయో, అలా దిగుతుంటాయి. చలి మాత్రం అరకు కంటే ఎక్కువ.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్న: ఖర్చు. నాలుగు రోజుల టికెట్ 200 పౌండ్లు దాటుతుంది. గుడారం వేసుకునే జాగా అందులోనే. గుడారం మనం తెచ్చుకోవాలి. లోపల ఒక పూట తిండి 10 పౌండ్ల పైమాటే. అంటే లోన్ తీసుకుని చదువుకోవడానికి వచ్చిన స్టూడెంట్‌కి ఇది చిన్న మొత్తం కాదు. నేను వెళ్తున్నానంటే మా రూమ్మేట్ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ఒరేయ్, ఆ డబ్బుతో రెండు నెలల సరుకులు వస్తాయి రా. హెడ్‌లైనర్ ఎవరో కూడా నీకు తెలీదు కదా!" ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మది ఇంకో ప్రశ్న: "డబ్బులిచ్చి మరీ వానలో, బురదలో, గుడారంలో పడుకోవడం ఏంట్రా నాయనా?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఈ ఎపిసోడ్ అంతా ఆ రెండు ప్రశ్నలకి జవాబు అనుకోండి.

మా రూమ్మేట్ ప్రశ్నతో మొదలుపెడదాం. హెడ్‌లైనర్ ఎవరో తెలియకుండా టికెట్ ఎలా కొంటారు? అక్కడ చాలామంది కొనేది అలాగే. ఈ మధ్య గ్రీన్ మ్యాన్ టికెట్లు, ఎవరు పాడబోతున్నారో పేర్లు ప్రకటించకముందే అయిపోతున్నాయి. నాకు మొదట ఇది వింతగా అనిపించింది. హీరో ఎవరో చెప్పకుండా బెనిఫిట్ షో టికెట్లు అమ్మినట్టు ఉంది కదా! లోపలికి వెళ్లాక అర్థమైంది. వాళ్లు కొంటున్నది ఒక పేరుని కాదు, నాలుగు రోజుల వినికిడిని.

లోపల చాలా స్టేజీలు ఉంటాయి. పెద్దది మౌంటెన్ స్టేజ్. కొండ వాలు మెట్లు మెట్లుగా దిగుతుంది, అడుగున స్టేజ్, వెనకాల కొండ. ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుంది. ఫార్ అవుట్ అని పెద్ద టెంట్ ఒకటి. వాల్డ్ గార్డెన్ అని చుట్టూ పాత గోడ ఉన్న తోటలో ఒకటి. అది నాకు బాగా నచ్చింది. ఇంకా రైజింగ్ అని కొత్తవాళ్ల కోసమే ఒక చిన్న స్టేజ్. గ్రీన్ మ్యాన్ రైజింగ్ అని ఒక పోటీ కూడా పెడతారు. ఎవరికీ తెలియని బ్యాండ్లు అప్లై చేస్తాయి. గెలిచిన బ్యాండ్‌కి ఏమిస్తారో తెలుసా? పెద్ద మౌంటెన్ స్టేజ్ మీద మొదటి పాట పాడే అవకాశం. మన దగ్గర రియాలిటీ షోలో గెలిస్తే సినిమాలో ఒక పాట ఇస్తామంటారు. ఇక్కడ వాళ్ల సొంత పాటనే వేల మంది ముందు పాడుకోమంటారు. ఈ తేడా కొంచెం మనసులో పెట్టుకోండి.

నా నాలుగు రోజుల్లో అసలు విషయం రాత్రి పెద్ద బ్యాండ్ల దగ్గర జరగలేదు. మధ్యాహ్నం రెండు మూడు గంటలకి, చిన్న స్టేజీల దగ్గర జరిగింది. ఒకరోజు సన్నటి వాన పడుతోంది. ఆగి ఆగి పడే వాన, మన ముసురులాంటిది. స్టేజ్ మీద నలుగురు కుర్రాళ్లు. వాళ్ల పేరు నాకు తెలీదు, పక్కన నిలబడ్డవాళ్లకీ తెలీదు. ముందు అరవై డెబ్బై మంది ఉంటారు. ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటుంది, మడత కుర్చీలో రెయిన్‌కోటు కప్పుకుని కూర్చున్నారు. ఒకామె భుజాల మీద చిన్న పాప, పాప చెవులకి చప్పుడు తగలకుండా పెద్ద కప్పులు. వాళ్లు పాడుతున్నది ఇంగ్లీష్ కాదని నాకు రెండో పాటకి గానీ తెలియలేదు. అది వెల్ష్. వేల్స్ వాళ్ల సొంత భాష.

పాట అయ్యాక గిటార్ పట్టుకున్న కుర్రాడు "డియోల్ఖ్" అన్నాడు. అంటే థాంక్స్ అని. ముందున్నవాళ్లలో సగం మందికి ఆ భాష రాదు. లండన్ నుంచి, బ్రిస్టల్ నుంచి వచ్చినవాళ్లు. అయినా ఒక్కరు కూడా కదల్లేదు. పెద్దాయన కుర్చీ చేతి మీద వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నారు. నేను కార్డిఫ్‌లో వీధి బోర్డుల మీద ఆ భాషని రోజూ చూసేవాణ్ణి. ఇంగ్లీష్ పక్కన ఇంకో లైన్, అంతే. అది పాటగా వినడం అదే మొదలు.

ఆ సాయంత్రం గుడారంలో కూర్చుని లెక్క చూశాను. సిగ్నల్ కష్టంగా దొరికింది లెండి. వేల్స్‌లో 2021 జనాభా లెక్కల ప్రకారం వెల్ష్ వచ్చినవాళ్లు సుమారు 5 లక్షల 38 వేల మంది. అక్కడి జనాభాలో 17.8 శాతం. మన తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011 లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది. అంటే వాళ్లకి మనం దాదాపు 150 రెట్లు. వెల్ష్ మాట్లాడేవాళ్లందర్నీ తెచ్చి హైదరాబాద్‌లో వదిలితే రెండు మూడు ఏరియాల్లో సర్దేసుకుంటారు. అలాంటి భాషలో రాక్ ఉంది, ఎలక్ట్రానిక్ ఉంది, ర్యాప్ ఉంది. పాడుకోవడానికి స్టేజ్ ఉంది. నిలబడి వినడానికి జనం ఉన్నారు.

ఊరికే వచ్చింది కాదు ఇది. 19వ శతాబ్దంలో అక్కడి చాలా స్కూళ్లలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో ఒక చెక్క ముక్క వేలాడదీసేవాళ్లు. దాని పేరే "వెల్ష్ నాట్". ఇంకో పిల్లాడు వెల్ష్ మాట్లాడితే అది వాడి మెడలోకి మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్లకి దెబ్బలు. వింటుంటే ఎక్కడో విన్నట్టు లేదూ? 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక స్కూల్లో, తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో బోర్డు తగిలించారని వార్త వచ్చింది. అప్పుడు పెద్ద గొడవే అయింది. వాళ్ల చెక్కముక్కకీ మన బోర్డుకీ మధ్య నూరేళ్ల పైనే తేడా.

మరి వాళ్లు అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారు? చట్టాలు, స్కూళ్లు, టీవీ, రేడియో, అన్నీ ఉన్నాయి. 2050 నాటికి 10 లక్షల మంది వెల్ష్ మాట్లాడాలని అక్కడి ప్రభుత్వం టార్గెట్ కూడా పెట్టుకుంది. కానీ పాటల సంగతికొస్తే, చిన్న చిన్న జాగాల పాత్ర చాలా పెద్దది. కార్డిఫ్‌లో క్లుబ్ ఈవర్ బాఖ్ అని ఒక క్లబ్ ఉంది. వెల్ష్ మాట్లాడేవాళ్ల కోసం 1983లో పెట్టారు. ఇరుకు మెట్లు ఎక్కితే చిన్న హాలు, అంతే. ఎన్నో బ్యాండ్లు అక్కడే మొదలయ్యాయి. ఇక ప్రతి ఆగస్టులో ఐస్టెద్‌వడ్ అని జాతీయ సాహిత్య, సంగీత ఉత్సవం జరుగుతుంది. అందులో కుర్రకారు కోసం విడిగా "మాయ్స్ బీ" అని రాత్రి కచేరీలు ఉంటాయి. అన్నీ వెల్ష్‌లోనే. అలా క్లబ్బులో యాభై మంది, ఉత్సవంలో అయిదొందల మంది, ఫెస్టివల్‌లో అయిదు వేల మంది. మెట్టు మెట్టుకీ ఒక స్టేజ్ ఉంది.

ఫలితం ఏంటంటే, 2000లో సూపర్ ఫర్రీ యానిమల్స్ అనే బ్యాండ్ "ముంగ్" అనే ఆల్బం మొత్తం వెల్ష్‌లో చేస్తే, అది బ్రిటన్ ఆల్బం చార్ట్‌లో 11వ స్థానానికి వెళ్లింది. గ్వెనో అనే గాయని ఇంకా ముందుకెళ్లింది. ఆమె 2018లో ఒక ఆల్బం మొత్తం కార్నిష్ భాషలో పాడింది. కార్నిష్‌ని ధారాళంగా మాట్లాడేవాళ్లు వందల్లోనే ఉంటారు. ఒక పెళ్లికి పిలిస్తే సరిపోయేంత మంది! ఇంకో బ్యాండ్ ఉంది, ముగ్గురు అమ్మాయిలు మొదలుపెట్టింది, పేరు అద్వైథ్. చదవగానే మనకి అద్వైతం గుర్తొస్తుంది, కానీ శంకరాచార్యులకీ దానికీ సంబంధం లేదు. వెల్ష్‌లో ఆ మాటకి ప్రతిచర్య అని అర్థం. వాళ్లు పాడేది వెల్ష్‌లో. వెల్ష్ మ్యూజిక్ ప్రైజ్ 2019లో ఒకసారి, 2022లో ఇంకోసారి గెలిచారు. ఈ ఎపిసోడ్ అయ్యాక వినండి. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా ఆపరు.

"భాష రాకుండా పాట ఎలా ఎంజాయ్ చేస్తారు?" అని ఎవరైనా అడిగితే వాళ్లని తిరువయ్యారు పంపండి. అక్కడ కావేరి ఒడ్డున ప్రతి ఏడాది త్యాగరాజ ఆరాధనలో వందలమంది కలిసి పంచరత్న కీర్తనలు పాడతారు. అయిదింటిలో నాలుగు తెలుగు. పాడేవాళ్లలో, వినేవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో మాట్లాడే భాష తమిళం. మన పాటని భాష రానివాళ్లు తరాల తరబడి అలా మోస్తున్నారు. మనకి మాత్రం సొంత భాషలో కొత్త పాట వినాలంటే ముందు హీరో ఎవరో తెలియాలి.

కొంచెం గట్టిగా అన్నానా? వినండి, నేను సినిమా పాటకి వ్యతిరేకం కాదు. సినిమా పాట లేకుండా నా బాల్యం లేదు. కానీ సినిమా పాట కానిదాన్ని మనం ఏమని పిలుస్తాం? "ప్రైవేట్ సాంగ్." అంటే సినిమా పాట పబ్లిక్, మిగతాదంతా ఎవరి ఇంట్లో వాళ్లు పాడుకునేది! మన పెద్దవాళ్ల కాలంలో ఇలా లేదు. ఆకాశవాణిలో లలిత సంగీతం వచ్చేది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు లాంటివాళ్లు సినిమాతో సంబంధం లేకుండా పాటలు కట్టి, రేడియోలో జనానికి నేర్పేవాళ్లు. ఊళ్లలో ఒగ్గు కథ, బుర్ర కథ రాత్రంతా నడిచేవి. ఆరుబయట, చాపల మీద, చలిలో దుప్పటి కప్పుకుని. మా అమ్మకి ఫోన్‌లో నేను చెప్పిన జవాబు అదే: "అమ్మా, నువ్వు కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లి ప్రభల దగ్గర తెల్లారేదాకా కూర్చోలేదా? ఇదీ అదే. కాకపోతే ఇక్కడ వాన." ఒక్క క్షణం ఆగి, "అయితే స్వెట్టర్ తీసుకెళ్లు" అంది. పర్మిషన్ వచ్చేసినట్టే!

ఇప్పుడు కూడా మన దగ్గర పాడేవాళ్లు లేరా? ఉన్నారు. తెలంగాణ జానపదం యూట్యూబ్‌లో దుమ్ము దులుపుతోంది. హైదరాబాద్‌లో చౌరస్తా లాంటి బ్యాండ్ సొంత తెలుగు పాటలతోనే పేరు తెచ్చుకుంది. ఆ బ్యాండ్ రామ్ మిరియాల తర్వాత "జాతిరత్నాలు"లో చిట్టి పాట పాడితే రాష్ట్రమంతా పాడుకుంది. మంచిదే, సంతోషమే. కానీ దారి ఒక్కవైపే ఉంది, గమనించారా? బ్యాండ్ నుంచి సినిమాకి. మధ్యలో ఆగి, బ్యాండ్‌గానే బతకడానికి కావలసిన మెట్లు మన దగ్గర తక్కువ. యాభై మంది పట్టే హాలు, టికెట్ కొనే అయిదొందల మంది, పేరు తెలియకపోయినా మూడు పాటలు ఓపిగ్గా నిలబడే జనం. పాడేవాళ్ల కొరత కాదు మనది. వినేవాళ్ల కొరత. వేల్స్‌లో నాకు కనపడిన అసలు తేడా ఇదే. ఆ వానలో ఆ అరవై మంది లేకపోతే ఆ నలుగురు కుర్రాళ్లు లేరు.

సరే, ఇప్పుడు మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే పనికొచ్చే సంగతులు చెప్తాను. గ్రీన్ మ్యాన్ అనే కాదు, ఆరుబయట ఏ ఫెస్టివల్‌కైనా దాదాపు ఇవే.

మొదటిది, టికెట్. అఫీషియల్ సైట్‌లోనే కొనండి. ఫేస్‌బుక్ గ్రూపుల్లో, వాట్సాప్‌లో "రెండు టికెట్లు ఉన్నాయి బ్రో, డబ్బులు ముందు పంపు" అనేవాళ్లని నమ్మొద్దు. వెళ్లలేనివాళ్ల టికెట్లు తిరిగి అమ్మే అధికారిక పద్ధతి ఉందేమో ఫెస్టివల్ సైట్‌లోనే చూడండి.

రెండు, వీసా. "టికెట్ కొనలేం, వలంటీర్‌గా వెళ్తాం" అనుకునే స్టూడెంట్స్ జాగ్రత్తగా వినండి. యూకే స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, ఆ పైన చదివేవాళ్లకి సాధారణంగా టర్మ్ సమయంలో వారానికి 20 గంటలే పని. జీతం లేని పని కూడా కొన్నిసార్లు పని కిందే లెక్కకొస్తుంది. పైగా మాస్టర్స్‌వాళ్లకి ఆగస్టు సెలవు కాదు, డిసర్టేషన్ రాసే టర్మే. కాబట్టి ఏ ఫారం నింపే ముందైనా మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడగండి. ఫ్రెండ్ చెప్పాడని చేయొద్దు. డిసర్టేషన్ డేట్ కూడా చూసుకోండి మరి!

మూడు, ప్రయాణం. గ్రీన్ మ్యాన్‌కైతే కార్డిఫ్ నుంచి అబర్గవెనీకి రైలు, ముప్పావు గంట లోపే. అక్కడి నుంచి బస్సు. లండన్ నుంచి వచ్చేవాళ్లు న్యూపోర్ట్‌లో రైలు మారి అబర్గవెనీ చేరొచ్చు.

నాలుగు, కాళ్లు. గమ్ బూట్లు తప్పనిసరి. స్నీకర్స్ బురదలో ఒక్క రోజులో పోతాయి. గొడుగు వద్దు, వెనకవాళ్లకి స్టేజ్ కనపడదు. రెయిన్‌కోటు తీసుకెళ్లండి. ఆగస్టే అయినా రాత్రి కొండల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. నేల చలి పైకి కొట్టకుండా గుడారంలో కింద వేసుకునే మందపాటి షీట్ ఉండాలి. మంచి స్లీపింగ్ బ్యాగ్ కంటే ముందు అది కొనండి.

అయిదు, తిండి. శాకాహారులు భయపడక్కర్లేదు, చాలా స్టాళ్లలో దొరుకుతుంది. కానీ ప్రతి పూటా కొంటే పర్సు ఖాళీ. మొదటి రోజుకి పులిహోర, మిగతా రోజులకి కారప్పూస, వేయించిన అటుకులు, నువ్వుండలు పట్టుకెళ్లండి. నా నువ్వుండలు పక్క గుడారంవాళ్లకి ఇస్తే, మర్నాడు పొద్దున వాళ్లే కాఫీ కాచి పిలిచారు. పరిచయాలు అలాగే అవుతాయి. గాజు సీసాలు చాలా ఫెస్టివల్స్‌లో లోపలికి రానివ్వరు. చిన్న స్టవ్‌కి ఒక్కోచోట ఒక్కో రూలు ఉంటుంది, ముందే చదువుకోండి.

ఆరు, చెవులు. దీన్ని నవ్వి వదిలేయకండి. 85 డెసిబెల్స్ చప్పుడు దగ్గర 8 గంటలు ఉండొచ్చని అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగం అవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. పెద్ద స్పీకర్ల ముందు 100 మామూలే. ఇయర్ ప్లగ్స్ రెండు జతలు జేబులో వేసుకోండి. ఒకటి మీకు, ఒకటి పక్కవాళ్లకి.

ఏడు, ఫోన్. సిగ్నల్ దొరకడం కష్టం, చార్జింగ్ కూడా సులభం కాదు. ప్రోగ్రామ్ టైమింగ్స్ స్క్రీన్‌షాట్ తీసుకోండి లేదా కాగితం మీద రాసుకోండి. ఫ్రెండ్స్‌తో వెళ్తే "తప్పిపోతే ఫలానా చెట్టు కింద, ఫలానా టైమ్‌కి" అని ముందే అనుకోండి. మన జాతరల్లో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు చూడండి, "తప్పిపోతే ధ్వజస్తంభం దగ్గరికి రా" అని. అదే పద్ధతి.

ఎనిమిది, భద్రత. తాగేవాళ్లు ఉంటారు, మత్తు పదార్థాలు అమ్మజూపేవాళ్లు కూడా తగలొచ్చు. వద్దంటే చాలు, ఎవరూ బలవంతం చేయరు. మీ గ్లాసు మీ చేతిలోనే ఉంచుకోండి. ఒంట్లో బాగోకపోతే మెడికల్ టెంట్‌కి వెళ్లండి, భయపడొద్దు, అక్కడ ఉన్నది సాయం చేయడానికే. అమ్మాయిలు ఒంటరిగా కూడా చాలామంది వస్తారు. గుడారం మాత్రం వెలుతురు ఉన్న దారికి దగ్గర్లో వేసుకోండి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. రోజుకి రెండు ప్రోగ్రాములే ప్లాన్ చేసుకోండి. మిగతా సమయం ఊరికే నడవండి. ఏదో టెంట్ నుంచి ఒక గొంతు వినిపిస్తుంది, లోపలికి వెళ్లండి. మూడు పాటలు ఉండండి. నచ్చకపోతే బయటికి వచ్చేయండి. మూడు పాటలు ఉండకుండా మాత్రం రాకండి. మనం ఫోన్‌లో ఒక పాటకి ఇచ్చే టైమ్ కొన్ని సెకన్లే కదా, అక్కడ మూడు పాటలు ఇవ్వండి.

ఆదివారం రాత్రి అక్కడ ఒక ఆచారం ఉంది. ఆకులు, కొమ్మలతో చేసిన పెద్ద గ్రీన్ మ్యాన్ బొమ్మని తగలబెడతారు. జనం తమ కోరికలు కాగితాల మీద రాసి ముందే దానికి తగిలిస్తారు. చూస్తే మన భోగి మంటే, కాకపోతే ఆగస్టులో. నేను కూడా ఒక కాగితం రాశాను. తెలుగులోనే రాశాను. ఏం రాశానో చెప్పను, కానీ ఈ ఎపిసోడ్ మొత్తం విన్నవాళ్లకి తెలిసిపోయే ఉంటుంది.

ఇప్పుడు మొదట్లో చూసిన నంబర్ దగ్గరికి వద్దాం. దాన్ని మార్చడానికి వేల్స్ వెళ్లక్కర్లేదు, 200 పౌండ్లూ అక్కర్లేదు. ఈ వారం సినిమాతో సంబంధం లేని ఒక కొత్త తెలుగు పాట వెతకండి. వంద వ్యూస్ కూడా లేనిదైతే మరీ మంచిది. పూర్తిగా వినండి. బాగుంటే పాడినవాళ్లకి ఒక్క లైన్ రాయండి, "బాగుంది" అని. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో ఏ కేఫ్‌లోనైనా చిన్న తెలుగు బ్యాండ్ పాడుతోందంటే, టికెట్ కొని వెళ్లండి. ఫ్రీ పాస్ అడగొద్దు. ముందు వరసలో నిలబడండి, ఫోన్ జేబులో పెట్టండి. బే ఏరియాలోనో డాలస్‌లోనో ఉన్నవాళ్లు, మీ తెలుగు సంఘం ఈవెంట్‌కి ఈసారి సినిమా వాళ్లతోపాటు ఒక బ్యాండ్‌ని కూడా పిలవమని అడగండి. అరగంట చాలు, సొంత పాటలు పాడుకోమనండి.

మీరు కనిపెట్టిన ఆ పాట పేరు కింద కామెంట్‌లో రాయండి. పాట పేరు, పాడినవాళ్ల పేరు, అంతే. మన దగ్గర లేదనుకుంటున్న స్టేజ్‌కి అది మొదటి మెట్టు అవుతుంది. అన్నీ నేను వింటాను. ఒక్కోటి మూడు పాటల ఓపికతో వింటాను, మాటిస్తున్నా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను. డియోల్ఖ్!